బోర్డు మారింది, బోధన సంగతేంది?

సర్కారు బడులన్నింటిలో ఇంగ్లీషు మీడియం పెట్టాలని 2022 జనవరిలో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయిస్తే మనమెవరమూ అడ్డం పడలేదు. పడాల్సిన పనీ లేదు. పెద్దోళ్ల బిడ్డలకు కాన్వెంటు, కూలోళ్ల బిడ్డలకు అమ్మభాషా అని దళిత బహుజనులు ఏనాటి నుంచో అడుగుతున్నారు. (తెలుగు వెలుగుల మీద ఉపన్యాసాలు దంచే పెద్దల మనుమలు ఏ బడిలో చదివారో ఎవరూ అడగరు.) మన తగాదా ఇంగ్లీషుతో కాదు. ఇంగ్లీషు నేర్పకుండానే ఇంగ్లీషులో లెక్కలు, సైన్సు చెప్పి, దాన్నే చదువని నమ్మించడంతో.

ఇది కొత్త రోగం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో 'సక్సెస్' స్కూళ్లని పేరుపెట్టి హైస్కూళ్లలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం తెచ్చారు. ఐదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్ల, ఏండ్లుగా తెలుగులో పాఠం చెప్పిన పంతులు ఇద్దరూ ఒక్క ఎండాకాలం సెలవుల్లో మారిపోవాలన్నమాట! సొంత రాష్ట్రంలో 2022లో చేసింది కొంత నయం. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు అచ్చేశారు, పంతుళ్లకు శిక్షణ ఇచ్చారు. అయినా అసలు ప్రశ్న అట్లనే ఉంది.

అమెరికా సుప్రీంకోర్టుకు ఈ ప్రశ్న 1974లోనే ఎదురైంది. శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో ఇంగ్లీషు రాని చైనా కుటుంబాల పిల్లలు సుమారు 1,800 మందిని ఏ అదనపు సాయమూ లేకుండా తరగతుల్లో కూర్చోబెట్టారు. అందరికీ అవే పుస్తకాలు, అదే పంతులు ఇచ్చినంత మాత్రాన సమానత్వం కాదని కోర్టు తేల్చింది. 1981లో మరో ఫెడరల్ కోర్టు ఇంకా ముందుకు పోయింది. బోధన పద్ధతికి శాస్త్రీయ ఆధారం చూపాలి, దానికి తగ్గ పంతుళ్లను, వనరులను పెట్టాలి, పిల్లలకు భాష వచ్చిందో లేదో చూసి రాకుంటే పద్ధతి మార్చాలి అన్నది. మన ఊర్ల నుంచి అక్కడికి పోయిన ఇంజనీర్ల పిల్లలను బడిలో చేర్చుకునేటప్పుడు ఇంట్లో ఏం మాట్లాడుతారని అడుగుతారు. ఇంగ్లీషు ఎంత వచ్చో పరీక్షిస్తారు. రాకుంటే విడిగా నేర్పుతారు.

మరి ఇక్కడ? మన బిడ్డల ఇంటి మాటకూ తెలుగు వాచకంలోని మాటకూ ఉన్న దూరం మీదనే ఉద్యమంలో అంత కొట్లాడినం. ఉట్నూరు గోండు గూడెంలో పిల్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. ఆ పిల్లకు పుస్తకంలో రెండు పేజీలూ పరాయివే. వీలైనంత మేరకు తల్లిభాషలో బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెప్తుంది. 'వీలైనంత మేరకు' అన్న మాట చాటున ప్రభుత్వాలు హాయిగా తప్పించుకుంటున్నాయి.

వచ్చే జూన్‌లో బడిలో చేర్చుకునే ఫారంలో 'ఇంట్లో మాట్లాడే భాష' అని ఒక గడి పెట్టండి. ఆ గడిలో గోండి, లంబాడి, కోయ అని రాసిన ప్రతి బడికీ ఆ భాష తెలిసిన ఒక పంతులును వేయండి. ఇంగ్లీషును మాటగా నేర్పడానికి రోజూ ఒక పీరియడు ఇవ్వండి. ఏడాది చివర ఎందరికి వచ్చిందో మండలాల వారీగా బయటపెట్టండి. దీనికి పైసలు లేవంటారా? ఆ మాటే అసెంబ్లీలో నిలబడి చెప్పండి.