దేనిలో ఐదో వంతు?

ఈసారి పోస్టు కొంచెం పొడుగైంది. మన హాల్లో సాయంత్రం క్లాసుకి వచ్చే నాలుగు, ఐదు తరగతుల పిల్లల గురించి రాస్తున్నాం. ఇంట్లో ఆ వయసు పిల్లలున్నవాళ్లు ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

విషయం భిన్నాలు. అంకెల్లో ఇస్తే మన పిల్లలు బాగానే చేస్తున్నారు. సగాన్ని ఐదో వంతుతో గుణించమంటే పైవి పైవాటితో, కిందివి కిందివాటితో గుణించి పదో వంతు అని రాసేస్తారు. అదే లెక్కని మాటల్లో పెట్టి ఇస్తే పెన్సిల్ ఆగిపోతుంది. మొన్న ఈ లెక్క ఇచ్చాం: ఒకామె 1000 బీడీలు చుట్టాలి. పొద్దున సగం చుట్టింది. మధ్యాహ్నం, మిగిలిన వాటిలో ఐదో వంతు చుట్టింది. ఇంకా ఎన్ని చుట్టాలి?

ఎక్కువమంది 300 అని రాశారు. ఎట్లా వచ్చిందని అడిగితే చక్కగా చెప్పారు. వెయ్యిలో సగం 500, వెయ్యిలో ఐదో వంతు 200, రెండూ తీసేస్తే 300. భాగహారం సరిగ్గానే ఉంది, తీసివేత సరిగ్గానే ఉంది. "మిగిలిన వాటిలో" అన్న చోట మాత్రం కన్ను ఆగలేదు. ఐదో వంతు తీయాల్సింది 500లో. అంటే మధ్యాహ్నం చుట్టినవి 100, ఇంకా చుట్టాల్సినవి 400. అదే లెక్క చాల్ మెట్ల మీద కూర్చున్న ఒక నానమ్మని అడిగితే, కాగితం లేకుండా "పదహారు కట్టలు" అంది. కట్టకి 25 లెక్కన చూసుకోండి, సరిపోతుంది. ఆమె ఏ బడికీ పోలేదు. కానీ చాటలో ఇంకా ఎంత ఆకు మిగిలిందో కళ్లతో చూసిన మనిషి కాబట్టి, "మిగిలిన వాటిలో" అనగానే మొదటి వెయ్యిని వదిలేసి ఆ మిగిలిన కుప్ప వైపు చూసింది.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. భిన్నాల మాటల లెక్కలో పిల్లలు నేర్చుకోవాల్సిన మొదటి పని "దేనిలో?" అని అడగడం. ఆ ప్రశ్న మన తెలుగులోనే ఉంది, మన గల్లీలోనే ఉంది. దాన్ని పక్కన పెట్టి చిట్కాలు కంఠస్థం చేయిస్తున్నాం.

చిట్కాలంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాం. ఒక ట్యూషన్లో పిల్లలకి ఇచ్చిన కాగితం మా చేతికొచ్చింది. "మొత్తం" అని ఉంటే కలుపు, "మిగిలింది" అని ఉంటే తీసెయ్యి, "లో" అని ఉంటే గుణించు, "చొప్పున" అని ఉంటే భాగించు. చూడటానికి ఎంత ముచ్చటగా ఉందో! ఇప్పుడు ఈ లెక్క చూడండి. డబ్బాలో పావు వంతు పిండి మిగిలింది. తూస్తే 2 కిలోలు. డబ్బా నిండా ఉన్నప్పుడు ఎంత పిండి? "మిగిలింది" కనపడగానే కాగితం ప్రకారం తీసివేత మొదలు. రెండులోంచి పావు తీసి ఒకటి ముప్పావు అని రాసిన పిల్లలున్నారు. డబ్బాలో ఇప్పుడున్న దానికన్నా నిండు డబ్బాలో తక్కువ పిండి ఉంటుందా అని ఒక్కసారి ఆలోచించినా ఆ జవాబు రాయరు. పావు అంటే నాలుగిట్లో ఒకటి. ఆ ఒకటి 2 కిలోలైతే నాలుగూ కలిపి 8 కిలోలు. అంతే లెక్క.

ఇక మన భాష సంగతి. 3/5 ని ఇంగ్లిష్ మీడియం పిల్లలు "త్రీ బై ఫైవ్" అంటారు. అందులో అర్థం ఏమీ లేదు, పైన మూడు కింద ఐదు అన్న బొమ్మ తప్ప. తెలుగులో దాన్ని "ఐదింట మూడు" అంటాం. ముందు ఐదు. అంటే ఉన్నదాన్ని ఐదు చేయి, అందులోంచి మూడు తీసుకో. చేయాల్సిన పని చేయాల్సిన వరుసలోనే చెప్పేసింది భాష. కొరియా భాషలో కూడా సరిగ్గా ఇట్లాగే అంటారు, మూడు భాగాల్లో ఒకటి అని. కొరియా, క్రొయేషియా, అమెరికా చిన్నపిల్లల్ని పోల్చి చూసిన పరిశోధన ఒకటి 1999లో వచ్చింది. బడిలో భిన్నాలు ఇంకా చెప్పకముందే కొరియా పిల్లలు భిన్నానికి సరైన బొమ్మని మిగతావాళ్లకన్నా బాగా గుర్తుపట్టారని, దానికి వాళ్ల భాషలోని మాట తీరు సాయపడిందని అందులో రాశారు. తర్వాత 2003లో ఇంకో పరిశోధన చేశారు. అమెరికా పిల్లలకే ఇంగ్లిష్‌లో "నాలుగు భాగాల్లో ఒకటి" అన్నట్టు విప్పి చెబితే వాళ్లూ మెరుగ్గా చేశారు. కాబట్టి ఇందులో ఏ దేశం పిల్లల గొప్పా లేదు. మాట అర్థాన్ని చూపిస్తుందా, దాచేస్తుందా అన్నదే ముఖ్యం. మనకి చూపించే మాట పుట్టుకతో దొరికింది. దాన్ని ఇంట్లో వాడకుండా "త్రీ బై ఫైవ్ బోలో బేటా" అంటున్నాం.

అంకెల పేర్లు మామూలు విషయం కాదని ఈ ఊళ్లో అందరికీ తెలుసు. 2019లో బాలభారతి రెండో తరగతి గణితం పుస్తకంలో "ఏక్‌వీస్" పక్కన "వీస్ ఏక్" అని పెడితే మహారాష్ట్రంతా ఎంత గొడవైందో గుర్తుండే ఉంటుంది. గణితం కమిటీ అధ్యక్షురాలు మంగళా నార్లీకర్ గారు పిల్లల సౌకర్యం కోసమే చేశామని చెప్పాల్సి వచ్చింది. తెలుగులో ఆ చిక్కే లేదు, ఇరవై ఒకటి ఎప్పుడూ ఇరవై ఒకటే.

అట్లాగని తెలుగులో గోతులు లేవని అనం. ఒకటి చాలా పెద్దది. "మూడో వంతు" అంటే మూడింట ఒకటి. "మూడొంతులు" అంటే మన ఇళ్లలో ముప్పావు. రెండూ చెవికి దాదాపు ఒకటే. "బస్తాలో మూడొంతులు అయిపోయింది" అని అమ్మ అంటే, పిల్లవాడు మూడో వంతు అనుకుని లెక్క చేస్తాడు. 24 కిలోల బస్తా అయితే అమ్మ లెక్కలో మిగిలింది 6 కిలోలు, పిల్లవాడి లెక్కలో 16 కిలోలు. పైగా "మూడు రెట్లు" ఒకటుంది. ఈ మూడు మాటల్నీ పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కదానికి బొమ్మ గీయించి, తేడా చెప్పించాలి. ఒక సాయంత్రం మొత్తం దీనికే పోయినా నష్టం లేదు.

మన పిల్లలకి ఇంకో ఆస్తి కూడా ఉంది, బజారు. కామాటిపురాలో పెరిగిన పిల్లకి పావ్ కిలో అంటే 250 గ్రాములని తెలుసు. సవా బజే అంటే ఒంటిగంటా పదిహేను నిమిషాలని తెలుసు. సవా సౌ అంటే 125, సవా హజార్ అంటే 1250 అని కూడా తెలుసు. ఇప్పుడు అడగండి: ఈ నాలుగు చోట్లా ఉన్నది పావే కదా, మరి ఒకచోట 250 గ్రాములు, ఒకచోట 15 నిమిషాలు, ఒకచోట 25, ఇంకోచోట 250 ఎట్లా అయింది? పిల్లలు కాసేపు ఆలోచించి, "కిలోలో పావు వేరే, గంటలో పావు వేరే" అంటారు. "దేనిలో?" అన్న ప్రశ్న వాళ్ల నోటితోనే వచ్చేసింది చూశారా. డేఢ్, అఢాయీ, సాడే, పౌణే అన్నీ ఇట్లా వాడుకోవచ్చు. మరాఠీ, హిందీ మాటలు కదా అని మొహమాటపడక్కర్లేదు, ఇవి తరాలుగా మన నోళ్లలో నానినవే.

భాగహారానికి కటింగ్ చాయ్ ఉండనే ఉంది. ఆరుని సగంతో భాగించు అంటే పిల్లలు 3 అంటారు, భాగిస్తే తగ్గాలన్న నమ్మకంతో. ఆరు ఫుల్ గ్లాసుల చాయ్‌లో ఎన్ని కటింగ్‌లు వస్తాయని అడిగితే పన్నెండు అంటారు. రెండూ ఒకటే లెక్క అని చెప్పినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.

పెద్దవాళ్ల మాటలు కూడా పోనివ్వొద్దు. "పదహారణాల తెలుగు" అంటాం, "వీసమెత్తు కూడా లేదు" అంటాం. రూపాయికి పదహారు అణాలు, వీసం అంటే పదహారో వంతు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి అణాలు వెనక్కి పోయాయి. చారాణా, ఆఠాణా మాత్రం నోటిలో మిగిలాయి. ఆ చారాణా బిళ్ల కూడా 2011 జూన్ నెలాఖరుతో చెల్లకుండా పోయింది. ఇప్పటి ఐదో తరగతి పిల్ల దాన్ని చేత్తో పట్టుకోలేదు. రూపాయిలో పావు అంటే చూపించడానికి బిళ్ల లేదు, కాబట్టి తాతలు నోటితోనైనా చెప్పాలి. మాటల లెక్కలు మనకి కొత్త కూడా కాదు. మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చి దగ్గర దగ్గర వెయ్యేళ్లవుతోంది.

కొందరు తల్లిదండ్రులు మమ్మల్ని అడిగారు. "మా వాడు ఇంగ్లిష్ మీడియం, పరీక్ష ఇంగ్లిష్‌లో, మీరు తెలుగు నేర్పి కన్‌ఫ్యూజ్ చేస్తే ఎట్లా?" అని. న్యాయమైన ప్రశ్నే. బీఎంసీ ఎనిమిది భాషల్లో బడులు నడుపుతోంది, అందులో తెలుగూ ఉంది, కానీ మన గల్లీల్లో ఎక్కువ ఇళ్లు ఇంగ్లిష్ వైపే వెళ్తున్నాయి. దాని మీద ఇక్కడ వాదన పెట్టుకోం. మేము చెప్పేది ఒక్కటే: పిల్లవాడు లెక్కని ఇంగ్లిష్‌లో చదవనీ, తర్వాత పుస్తకం మూసి ఇంటి మాటల్లో కథలా చెప్పనీ. ఎవరు, ఏది, ఎంత, దేనిలో. చెప్పగలిగాక బొమ్మ గీయనీ, తర్వాత ఇంగ్లిష్‌లోనే జవాబు రాయనీ. చెప్పలేకపోతే లెక్క అర్థం కాలేదన్నమాట, ఏ భాషలోనైనా. "రిమైండర్" అన్న మాట నాలుగుసార్లు చదివి కూడా "మిగిలిన కుప్ప" అని అనుకోని పిల్లలు మా దగ్గర ఉన్నారు.

ఇదంతా మార్కుల కోసమే అయితే ఇంత రాసేవాళ్లం కాదు. భిన్నం దగ్గర జారిన పిల్ల ఆరో తరగతిలో నిష్పత్తి దగ్గర, తర్వాత శాతాల దగ్గర, వడ్డీ దగ్గర జారుతుంది. ఇప్పుడు మన చాళ్లన్నిటిలో రీడెవలప్‌మెంట్ మాటే. ఎవరైనా వచ్చి "ఇప్పుడున్న దానికన్నా ఇరవై శాతం ఎక్కువ ఇస్తాం" అంటే, దేని మీద ఇరవై శాతం? కార్పెట్ ఏరియా మీదా, బిల్టప్ మీదా? మాళా కలిపా, కలపకుండానా? మీటింగుల్లో ఆ ప్రశ్న అడిగేవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారో మనందరికీ తెలుసు. పదేళ్ల తర్వాత సంతకాలు పెట్టబోయేది ఈ పిల్లలే.

కాబట్టి కార్యవర్గానికి మా విన్నపం. ఏటా బహుమతుల పంపిణీలో మెమెంటోలకి, శాలువాలకి పెట్టే ఖర్చులో సగం ఈసారి తగ్గించండి (దేనిలో సగం అని ఖజాంచీ గారు అడుగుతారు, పోయినేడు ఖర్చులో). ఆ డబ్బుతో ఒక తక్కెడ, కొలత గిన్నెలు, రంగు కాగితపు పట్టీలు కొందాం. మంగళ, శుక్రవారాలు ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా హాలు ఇవ్వండి. టీచర్ ఒక్కరు చాలు, కానీ పక్కన ఇద్దరు పెద్దవాళ్లు కూర్చోవాలి. బీడీలు చుట్టిన అక్కలు, మిల్లుల్లో పనిచేసిన తాతలు, కిరాణా కొట్టు నడిపే అన్నలు, ఎవరైనా సరే. వాళ్లు లెక్క చెప్పక్కర్లేదు. పిల్లలు చెప్పే కథ విని, మధ్యలో ఆపి "దేనిలో బిడ్డా?" అని అడిగితే చాలు.

ఇంట్లో ఈ ఆదివారం ఒక లెక్కతో మొదలుపెట్టండి. ఊరి నుంచి వచ్చిన ఒకాయన జీతంలో మూడో వంతు ఇంటికి పంపాడు. మిగిలిన దానిలో సగం గది అద్దెకి, ఖానావళికి పోయింది. చేతిలో 6000 రూపాయలు మిగిలాయి. జీతం ఎంత? ఎక్స్ అనుకోవడం వద్దు. ఒక కాగితపు పట్టీ తీసుకుని మూడు మడతలు పెట్టండి, ఒక మడత చించి ఊరికి పంపండి, మిగిలిన రెండిట్లో ఒకటి ఖానావళికి ఇవ్వండి. చేతిలో ఉన్న ముక్క మీద 6000 అని రాసి పిల్లల చేతికివ్వండి. వాళ్లు ఏం చెప్పారో, ఎట్లా చెప్పారో కింద కామెంట్లలో రాయండి. తప్పు చెప్పినా అదే రాయండి, మంగళవారం క్లాసులో ముందు దాన్నే తీసుకుంటాం.