నీలి మందు సీసా

అక్వేరియం దుకాణంలో చేపను కొన్నవారి చేతిలో దానితోబాటు ఒక చిన్న నీలిరంగు సీసాను కూడా పెట్టడం మన ఊళ్ళలో ఆనవాయితీ అయిపోయింది. చేప నలతగా కనబడితే నాలుగు చుక్కలు వేయమంటారు. ఏ నలతకు, ఎన్ని లీటర్ల నీటికి, ఎన్ని రోజులపాటు అన్న ప్రశ్నలు కొనేవారు అడగరు, అమ్మేవారు చెప్పరు. వారం పది రోజులలో చేప వెల్లకిలా తేలుతుంది. దాని ఆయుస్సు అంతేననుకొని మరొకటి తెస్తారు. సీసాలో మిగిలిన మందునే దానికీ వేస్తారు. గోల్డుఫిష్ సరైన నీటిలో పదేళ్ళకు పైగా బ్రతికే జీవి అని చెబితే నమ్మనివారే ఎక్కువ. అందులో వారి తప్పేమీ లేదు. అంతకాలం బ్రతికిన చేపను వారెన్నడూ చూసి ఉండరు.

ఈ అలవాటును గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కొత్తగా వచ్చిన చేప జబ్బుపడితే మొదట పరీక్షించవలసినది చేపను కాదు, నీటిని. నీటి సంగతి తేలేవరకు ఆ సీసా మూత తీయకపోవడమే చేపకు మనం చేయగల మొదటి ఉపకారం.

వైద్యుడు రోగిని అడిగే తొలి ప్రశ్న “ఎన్నాళ్ళ నుంచి?” అని. చేప నోరు విప్పి చెప్పలేదు గాని, దానిని తెచ్చిన తేదీ మనకు తెలుసు కదా! సగం రోగనిర్ణయం ఆ తేదీలోనే ఉన్నది. తెచ్చిన కొద్ది గంటలలోనే చేప పైకి వచ్చి గుటకలు వేస్తున్నా, బెదిరినట్లు తొట్టె అంతా దూసుకుపోతున్నా, అది అంటువ్యాధి కావడం అరుదు. దుకాణపు నీటికీ మన నీటికీ ఉష్ణోగ్రతలోనో, పీహెచ్‌లోనో ఉన్న తేడా, ప్రాణవాయువు లోపం, మునిసిపాలిటీ కుళాయి నీటిలోని క్లోరిన్: ఈ ముద్దాయిలను మొదట విచారించాలి. క్లోరిన్ మొప్పలను కాలుస్తుంది. దానికి విరుగుడు సోడియం థయోసల్ఫేట్. ఫొటోలు చీకటిగదిలో కడిగే రోజుల్లో హైపో అని పిలిచినది ఇదే. అదీ దొరకకపోతే నీటిని వెడల్పాటి పాత్రలో ఒకరోజు నిలవ ఉంచి, గాలి బుడగలు ఆడిస్తే క్లోరిన్ చాలావరకు పోతుంది. క్లోరమైన్ కలిపే ఊళ్ళలో మాత్రం ఈ ఉపాయం పారదు.

మూడో రోజు మొదలుకొని రెండో వారం వరకు వచ్చే కష్టాలలో పెద్దది అమ్మోనియా. కొత్త తొట్టె, తళతళలాడే అద్దాలు, రంగురాళ్ళు, కడిగిన ముత్యంలాంటి నీరు. చూసేవారికి అంతకంటె పరిశుభ్రమైనది ఉండదనిపిస్తుంది. ఆ శుభ్రతే అక్కడ లోపం. చేప మొప్పల నుంచి అమ్మోనియా నిరంతరం వెలువడుతూ ఉంటుంది. మిగిలిన మేత కుళ్ళినా అదే పుడుతుంది. దానిని నైట్రైట్‌గా మార్చే సూక్ష్మజీవులు కొన్ని, ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చేవి మరికొన్ని ఫిల్టరులో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేప తన విసర్జనలోనే తాను బ్రతకాలి. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలోని విషరూపపు భాగం దాదాపు పది రెట్లు పెరుగుతుంది. బోరు నీరు క్షారగుణం కలిగిన పేటల్లో ఈ లెక్క ఎంత భయంకరమో ఊహించండి. మొప్పలు ఎర్రబడటం, రెక్కలు ముడుచుకొని అడుగున పడి ఉండటం, మేత ముట్టకపోవడం దీని గుర్తులు. అటు తరువాత నైట్రైట్ వంతు. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని రూపానికి మార్చివేస్తుంది. నీటిలో గాలి సమృద్ధిగా ఉన్నా చేప ఊపిరాడక అల్లాడుతుంది. మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి.

భీమవరం, కైకలూరు ప్రాంతాల రైతు చెరువులో చేప తేడాగా కదిలితే ఏం చేస్తాడు? సీసాతో నీరు పట్టుకొని ల్యాబుకు పరుగెడతాడు. అమ్మోనియా ఎంత, పీహెచ్ ఎంత, క్షారత ఎంత అని చీటీ రాయించుకున్నాకనే మందుల మాట. (ఆ తరువాత వాడే మందులలో అవసరమైనవెన్ని అన్నది వేరే వాదం, ఇక్కడ వద్దు.) చదువు తక్కువైన రైతుకు అబ్బిన ఈ విజ్ఞత, చదువుకొన్న పట్టణవాసికి తన గదిలోని యాభై లీటర్ల నీటి విషయంలో ఎందుకు కలగదో నాకు అంతుపట్టదు. రైతుకు అది పెట్టుబడి, మనకు అలంకారం కావడమే కారణం కాబోలు. పరీక్షకు కావలసిన చుక్కల మందులు, కాగితపు పట్టీలు ఇప్పుడు ఇంటికే వచ్చిపడుతున్నాయి. అమ్మోనియాగాని నైట్రైట్‌గాని కనబడిందంటే చికిత్స ఒకటే: నీటిలో మూడో వంతు, అవసరమైతే సగం, క్లోరిన్ తీసిన నీటితో మార్చడం, మేత ఆపడం, మర్నాడు మళ్ళీ పరీక్షించడం. నైట్రైట్‌కు వంటింటి కల్లుప్పు కూడా మందే. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డుపడుతుంది. లీటరుకు ఒక గ్రాము చొప్పున, విడిగా కరిగించి, కొద్దికొద్దిగా కలిపితే చాలు.

నీటి పరీక్షలో దోషమేదీ తేలకపోతే, అప్పుడు చేప వంక చూడాలి.

ఒంటిపై ఉప్పు రవ్వలు చల్లినట్లు తెల్లని చుక్కలు కనబడితే దానిని తెల్లమచ్చల వ్యాధి అంటారు. ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక చిక్కు. కోస్తా జిల్లాలలో తెల్లమచ్చ అనగానే 1990ల నడుమ రొయ్యల చెరువులను తుడిచిపెట్టిన వైరస్ గుర్తుకు వస్తుంది. పేరొకటే అయినా ఆ రెండింటికీ చుట్టరికం లేదు. రొయ్యలది వైరస్, మందు లేదు. చేపలది ఏకకణ పరాన్నజీవి, మందు ఉంది. ఆ జీవి పేరు ఇక్తియోఫ్తిరియస్. చేప పేను అని ఆ గ్రీకు మాటకు అర్థం. అయితే మన చెరువు రైతులు చేప పేను అని పిలిచేది ఆర్గ్యులస్ అనే మరో ప్రాణిని! పేర్ల దగ్గరే ఇంత గందరగోళం ఉంటే మందుల దగ్గర ఎంత ఉండాలి?

ఈ పరాన్నజీవి జీవితచక్రం తెలియకుండా దానికి వైద్యం చేయడం చీకట్లో బాణం వేయడమే. మనకు కనబడే తెల్ల చుక్క చేప చర్మం కింద దాక్కొని తింటున్న దశ. అక్కడ దానిని ఏ మందూ తాకదు. తిని బలిశాక అది రాలి, తొట్టె అడుగున గూడు కట్టుకొని, వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు ఒకటి రెండు రోజులలో మరో చేపను పట్టుకోకపోతే చస్తాయి. మందు పనిచేసేది ఈదులాడే ఆ కొద్ది గంటలలోనే. అందుచేత చుక్కలు మాయమయ్యాయని మూడో రోజున మందు ఆపేసినవారి తొట్టెలో అయిదో రోజున రెట్టింపు చుక్కలు పొడుస్తాయి. ఇరవై అయిదు డిగ్రీల వేడిలో ఈ చక్రం సుమారు వారంలోపు తిరుగుతుంది; నీరు చల్లబడితే ఇంకా సాగుతుంది. కనుక కంటికి చుక్క కనబడటం మానేశాక కూడా వారం పది రోజులు చికిత్స సాగవలసిందే. నీటి వేడిని మెల్లగా ముప్పై డిగ్రీల దాకా పెంచడం, గాలి ఎక్కువ ఆడించడం, లీటరుకు రెండు మూడు గ్రాముల ఉప్పు, తప్పనిసరైతే మలకైట్ గ్రీన్ ఉన్న మందు: ఇదీ క్రమం. పొలుసులు లేని లోచ్ జాతులకూ కొన్ని జాతుల జెల్లలకూ ఉప్పు గాని, మలకైట్ గాని పూర్తి మోతాదు పనికిరాదు.

ఈ వైద్యమంతా ఆ చుక్కలు నిజంగా ఆ చుక్కలయితేనే. ఈడు వచ్చిన మగ గోల్డుఫిష్‌కు మొప్పల మూతలపైన, ముందు రెక్కల అంచున తెల్లని బొడిపెలు వరుసగా లేస్తాయి. అవి జోడు కట్టే కాలపు గుర్తులు, రోగం కాదు. యౌవనానికి మందు పోసి చంపిన సందర్భాలు తక్కువేమీ కావు. మూతి చుట్టూ తెల్లని దూది పట్టినట్లుంటే బూజు అనుకొని చాలామంది పొరబడతారు. తరచుగా అది కాలమ్నారిస్ అనే బాక్టీరియా. మొన్న తెల్ల చుక్కలకు నీటిని వేడి చేసి గెలిచినవారు ఇక్కడ కూడా హీటరు తిప్పితే చేప ఒకటి రెండు రోజులలోనే పోతుంది. ఆ బాక్టీరియాకు వేడి అంటే పండుగ. ఒకదానికి అమృతమైనది మరొకదానికి విషమయ్యే చోట, పేరు తెలియకుండా మందు వేయడాన్ని వైద్యం అనడానికి నాకు మనసొప్పదు.

నీలి సీసాకు కూడా న్యాయం చేయాలి. అందులో ఉండేది సాధారణంగా మిథిలీన్ బ్లూ. 1876లో జర్మనీలో హైన్రిచ్ కారో తయారుచేసిన రంగు ఇది. విచిత్రమేమిటంటే తెల్లమచ్చల జీవిని ఫూకే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వర్ణించినదీ ఆ సంవత్సరమే. 1891లో దీనిని మలేరియా రోగులపై కూడా ప్రయోగించారు. చేప గుడ్లకు బూజు పట్టకుండా కాపాడటంలో, నైట్రైట్ విషం ఎక్కిన చేప రక్తాన్ని తేర్చడంలో దీనికి మంచి పేరే ఉంది. చిక్కల్లా దీనిని ప్రధాన తొట్టెలో పోయడంలో వస్తుంది. ఫిల్టరులోని ఉపకార సూక్ష్మజీవులను ఇది దెబ్బతీస్తుంది. రోగానికని పోసిన మందు అమ్మోనియాను పెంచుతుంది, అమ్మోనియా వల్ల చేప ఇంకా కుంగుతుంది, కుంగిందని మరో నాలుగు చుక్కలు. పైగా ఫిల్టరులో బొగ్గు ఉంటే మందులో ఎక్కువ భాగం అదే మింగేస్తుంది.

ఇంతకంటె నన్ను కలవరపెట్టేది ఇంట్లో మిగిలిన టెట్రాసైక్లిన్ గొట్టాలను విప్పి నీటిలో కలిపే పద్ధతి. కఠిన జలంలోని కాల్షియం ఆ మందును పట్టి బంధిస్తుంది కనుక చేపకు అందేది స్వల్పం. తొట్టెలోని బాక్టీరియాకు మాత్రం ఆ స్వల్పమోతాదు మందును తట్టుకోవడం నేర్పే పాఠశాల అవుతుంది. నీరు మార్చినప్పుడు ఆ పాఠం చదివినవన్నీ కాలువలో కలుస్తాయి. ఇరవై రూపాయల చేప కోసం కదా అని నవ్వేసే విషయం కాదిది.

అసలీ తంటా అంతా రాకుండా చేసే ఉపాయం పల్లెల్లో కోళ్ళు పెంచేవారికి ఎప్పుడో తెలుసు. సంతలో కొన్న కోడిని ఆ సాయంత్రమే గంపలో మిగిలినవాటితో కలిపితే కొక్కెర తెగులు ఇంటికి పిలిచినట్లేనని వారెరుగుదురు. కొత్త చేపనూ రెండు నుంచి నాలుగు వారాలు విడిగా ఉంచాలి. అందుకు గాజు తొట్టె అక్కరలేదు. ఇరవై ముప్పై లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, చిన్న గాలి పంపు, ఒక స్పాంజి ఫిల్టరు, దాగడానికి ఒక మట్టి కుండ పెంకు చాలు. ఆ స్పాంజిని ముందునుంచీ పాత తొట్టెలో ఒక మూల ఆడనిస్తే సూక్ష్మజీవులు దానిలో అప్పటికే స్థిరపడి ఉంటాయి. జబ్బు వస్తే మందు ఆ టబ్బుకే పరిమితం. మొక్కలు, నత్తలు, పాత చేపలు క్షేమం. సంచి నీటిని తొట్టెలో పోయకుండా చేపను మాత్రమే వలతో బదిలీ చేయడం కూడా ఇందులో భాగమే.

చేప ధర ఇరవై, టబ్బు ధర వెయ్యి, ఇదేం లెక్క అని అడిగేవారున్నారు. ఆ లెక్కలో పాత తొట్టెలోని పది చేపల ప్రాణాలను కలపలేదు. వెయ్యి ఖర్చు దండగ అనుకొనేవారు చేపను కొనకపోవడమే మేలని నా ఉద్దేశం. ఈ మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి.

దుకాణాలవారి బాధ్యత మాట ఎత్తక తప్పదు. తొట్టెనూ చేపనూ ఒకేరోజు అమ్మడం మానేస్తే చాలు, సగం చావులు ఆగుతాయని నాకనిపిస్తుంది. చెన్నై కొళత్తూరులోనో కలకత్తాలోనో సంచి కట్టుకొని వచ్చిన చేపను కనీసం వారం తమ దగ్గర నిలిపి, మేత తింటున్నదని చూసి అమ్మడం అసాధ్యమైన కోరికేమీ కాదు. 2017లో కేంద్ర పర్యావరణ శాఖ అక్వేరియం దుకాణాలకు నియమాలు ప్రకటించి, వ్యాపారుల నిరసనతో కొద్ది నెలలకే ఉపసంహరించుకొన్నది. ఆ నియమాలలో ఆచరణకు పొసగనివి ఉండవచ్చు. అయితే వాటితోపాటు అవసరమైనవి కూడా కొట్టుకుపోయాయి. వైద్యం సంగతీ అంతే. ముత్తుకూరులో, పెబ్బేరులో మత్స్యశాస్త్ర కళాశాలలు ఉన్నా, నగరంలో అక్వేరియం చేపను చూపించుకోవడానికి వైద్యుడు దొరకడం దుర్లభం. మృగశిర కార్తెకు నాంపల్లిలో ఉబ్బసానికని బ్రతికిన కొర్రమీను పిల్లను మింగడానికి వేలమంది బారులు తీరే నగరమది. చేపను మందుగా ఎరిగినంతగా, చేపకు మందును ఎరగము.

ఎంత చేసినా కొన్ని దక్కవు. పొలుసులు విచ్చుకొని పొట్ట ఉబ్బిన చేప తేరుకోవడం అరుదు. మూడు నాలుగు రోజులు పక్కకు ఒరిగి, మేతవైపు కన్ను కూడా తిప్పని చేపను బ్రతికించాలని రోజుకొక మందు మార్చడం మన తృప్తికే. లవంగనూనె చేపలకు మత్తుమందు. కొద్ది చుక్కలను నీటిలో బాగా గిలకొట్టి వేరే పాత్రలో కలిపి, చేప మత్తులో మునిగాక మోతాదు పెంచితే బాధలేకుండా పోతుంది. మొప్పల కదలిక ఆగాక కూడా పావుగంటకు పైగా ఆ నీటిలోనే ఉంచాలి. అంతేగాని, ‘చంపడానికి చేతులు రాలేదు, హాయిగా బ్రతుకుతుందిలే’ అని జబ్బు చేపను దగ్గరి చెరువులో వదలవద్దు. తొట్టెలలో నాచు తినడానికి తెచ్చి, పెద్దదైందని వదిలిపెట్టిన సక్కరు చేప దెయ్యం చేప అనే పేరుతో ఇప్పుడు మన చెరువుల్లో జాలర్ల వలలు చింపుతున్నది. రోగంతో వెళ్ళేది ఇంకేం చేస్తుందో వేరే చెప్పాలా? చచ్చిన చేపను కూడా కాలువలో వేయక, కుండీలోనో పెరటిలోనో లోతుగా పాతండి. ఆ టబ్బును, వలను, స్పాంజిని బ్లీచింగు నీటిలో నానబెట్టి, బాగా కడిగి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చాకనే తరువాతి చేపకు వాడండి.