నిద్రపోతున్న పిల్లను చూస్తూ కూర్చునేవాడు ప్రేమికుడా?

పదిహేడేళ్ల పిల్ల తన గదిలో పడుకొని ఉంటుంది. ఒకడు రాత్రిపూట లోపలికి దూరి, ఆమె నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. ఆమె రమ్మనలేదు. వచ్చాడని ఆమెకు తెలియనే తెలియదు. మా బొగ్గుగనుల సెంటినరీ కాలనీ క్వార్టర్లలో ఎవడైనా ఈ పని చేస్తే తెల్లారేసరికి ఠాణాలో ఉంటాడు. 2005లో వచ్చిన స్టెఫెనీ మేయర్ నవల ‘ట్వైలైట్’ మాత్రం వాణ్ని ప్రేమికుడన్నది. వాడు 1901లో పుట్టిన రక్తపిశాచి. ముఖానికి పదిహేడేళ్లు, అసలు వయసు నూరు దాటింది. ఆ నవల కోట్లలో అమ్ముడుపోయింది. దాని వెనకే ఇంకో వరద వచ్చింది, ఈసారి బోర్డింగ్ స్కూళ్లలోకి. 2007 నాటి ‘వ్యాంపైర్ అకాడమీ’లో విద్యార్థినికి పదిహేడేళ్లు, ఆమె మనసు పడ్డ శిక్షకుడికి ఇరవై నాలుగు. 2009 నాటి ‘ఫాలెన్’లో బడి నిండా నిఘా కెమెరాలే. అందులో ప్రియుడు స్వర్గం నుంచి జారిపడ్డ దేవదూత. ఆ పిల్ల ప్రతి జన్మలోనూ అతన్ని ప్రేమించి ప్రతి జన్మలోనూ చచ్చిపోతుంది.

ఈ అచ్చులో పోసిన కథలే ఇప్పుడు ఫోన్లలో తెలుగు సీరియళ్లై, వినే కథలై మన ఇళ్లకు చేరాయి. హీరో మనిషి కాడు, మహా కోపిష్టి, పిల్ల ఎక్కడికి పోయినా వెంటే ఉంటాడు. ‘నువ్వు నా దానివి’ అన్న మాట పదో భాగంలో బెదిరింపు, ఇరవయ్యో భాగంలో ప్రేమ.

నా కోపం ఈ కథలు చదివే ఆడపిల్లల మీద కాదు. వాళ్ల జోలికి ఎవరూ రావద్దు. పదహారేళ్ల వయసులో ప్రేమ కథ కావాలనిపించడం, దయ్యం కథకు ఒళ్లు జలదరించడం వాళ్ల హక్కు. వాళ్ల ఆకలికి ఇంత అన్నం వండిపెట్టని మన మీద నా కోపం.

ఆ పిల్లలు ఎక్కడ పెరుగుతున్నారో చూడండి. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో సర్వేల్‌లో మొదలైన గురుకులాల సంఖ్య ఇవాళ తెలంగాణలో వెయ్యి దాటింది. ఐదో తరగతిలో పెట్టె సర్దుకొని వెళ్లిన పిల్ల ఇంటర్ దాకా అక్కడే. పొద్దున హాజరు, రాత్రి హాజరు, గేటు, వార్డెన్, ఫోన్ మీద నిషేధం, అమ్మానాన్న కలిసే రోజుకు ముందే ఖరారైన తేదీ. సెలవులకు ఇంటికొస్తే నాన్న చూపు, అన్న చూపు, గల్లీ చూపు. ఎనిమిదేళ్లపాటు ఎవరో ఒకరు కాపలా కాస్తూనే ఉంటారు. ఆ పిల్ల ఊపిరి పీల్చుకుందామని కథ తెరిస్తే, అందులోనూ కాపలా కాసేవాడే హీరో! నిన్ను ఎవరైనా విడవకుండా చూస్తున్నారంటే అది నీ మీద ప్రేమే అని ఆ కథ ఆమెకు నూరిపోస్తుంది. వార్డెన్ చూపులో అలవాటైన లొంగుబాటుకు ప్రేమ అని కొత్త పేరు పెడుతుంది. ఈ కథల మీద నా అసలు అభియోగం ఇది. రక్తం తాగడం, రెక్కలు మొలవడం నాకు అభ్యంతరం కానే కాదు. 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిది నిండనివాళ్లను పిల్లలే అంటుంది, బడి సిబ్బందే వాళ్ల మీద లైంగిక నేరానికి పాల్పడితే శిక్షను మరింత పెంచుతుంది. మనం అంత కష్టపడి తెచ్చుకున్న బుద్ధిని ఒక సీరియల్ రాత్రికి రాత్రే చెరిపేస్తుంటే రచయితలు నోరు మూసుకొని కూర్చోవచ్చా?

ఈ మాట అంటే పెద్దలు వెంటనే అందుకుంటారు: ‘ఈ కాలం పిల్లలు చెత్త చదువుతున్నారు’ అని. 1980లలో వారపత్రిక కోసం ఎదురుచూసి చేతబడి నవల ‘తులసిదళం’ చదివింది ఎవరు? క్షుద్ర సాహిత్యం మీద అప్పుడు గట్టిగానే పోరాటం నడిచింది. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయిదమ్ము’ అని పుస్తకమే రాశారు. ఆ ధైర్యానికి దండం పెడతాను. కానీ దయ్యాన్ని కథలోంచి వెళ్లగొడితే సరిపోతుందని నేను అనుకోను. మా నేలకు దయ్యం కథ కావాలి. ఇక్కడ చచ్చిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల మాట ఎవరూ వినలేదు.

2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ బొగ్గుబాయిలోకి నీళ్లు దూకి 17 మంది కార్మికులు జలసమాధి అయ్యారు. 2022 మార్చిలో మా పక్కనే అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు పోయారు. ఓపెన్ కాస్టు గనుల కోసం లద్నాపూర్ లాంటి ఊళ్లకు ఊళ్లే కదలాల్సి వచ్చింది. ఊరే లేనప్పుడు ఆ ఊళ్లో చచ్చిపోయినవాళ్లు ఏ గడపకు తిరిగి రావాలి? రాత్రి షిఫ్టుకు పోయి తిరిగిరాని తండ్రి హాస్టల్ కిటికీ దగ్గర నిలబడితే కూతురు అతన్ని ఏమడుగుతుంది? రామగిరి ఖిల్లా కింద బ్లాస్టింగుకు కిటికీలు అదురుతుండగా చదువుకునే పిల్లకు, ‘ట్వైలైట్’లోని, అమెరికాలో వాన కురిసే ఊరి పిశాచి ఎందుకు?

హాస్టళ్లలో భయం నిజం. 2024 నవంబర్‌లో వాంకిడి ఆశ్రమ పాఠశాల విద్యార్థిని తిండి వికటించి, వారాలపాటు చికిత్స పొంది నిమ్స్‌లో కన్నుమూసింది. అదే ఏడాది జులైలో ఆదిలాబాద్ జిల్లా ఆనంద్‌పూర్ బడిలో దయ్యం ఉందని పిల్లలు వణికిపోతే, జన విజ్ఞాన వేదికలో పనిచేసే ఒక సారు అమావాస్య రాత్రి ఆ తరగతి గదిలో ఒంటరిగా పడుకొని, పొద్దున్నే పిల్లలకు ఎదురుగా బయటికొచ్చారు. ఆయన వాళ్ల భయాన్ని కసురుకోలేదు, వెక్కిరించలేదు. ఆ గదిలోకి వెళ్లారు. రచయితలు చేయాల్సిన పని కూడా అదే.

ఇక ప్రేమ. పిశాచి ప్రేమలో ప్రాణాపాయం ప్రియుడి కోరల్లో ఉంటుంది. మన దగ్గర అది కన్నవాళ్ల పరువులో ఉంది. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ని గర్భిణి అయిన భార్య పక్కనుండగానే ఆస్పత్రి ముందు నరికి చంపారు. ఆ కేసులో ఒకరికి ఉరి, మిగతావాళ్లకు జీవితఖైదు పడేసరికి 2025 మార్చి వచ్చింది. మన గురుకులాలకే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ అని సొసైటీలు వేరు వేరు. ఇక్కడ ఒక పిల్ల, ఒక పిల్లవాడు నిజంగా ప్రేమించుకుంటే ఆ కథకు ఏ కోరలూ అక్కర్లేదు. రక్తపిశాచికి కులం లేదు, ఊరు లేదు, మందలించే తల్లి లేదు. అందుకే వాణ్ని ప్రేమించడం సులువు, వాడి మీద కథ రాయడం ఇంకా సులువు.

మా మంథని నేల కథకు కొత్తది కాదు. గాజులపల్లిలో పుట్టిన అల్లం రాజయ్య ఈ ప్రాంతపు రైతుల, కార్మికుల కథ రాశారు. తండ్రుల నవల మనకుంది. కూతుళ్ల నవల బాకీ ఉంది.

బొగ్గుబాయి రచయితలారా, గురుకులంలో చదివి టీచర్లయిన అక్కల్లారా, ఆ బాకీ మీరే తీర్చాలి. దయ్యాన్ని పెట్టండి, ముద్దును పెట్టండి, మొహమాటపడకండి. ప్రేమించినవాడు తలుపు తట్టి, లోపలికి రావచ్చా అని అడిగే కథ రాయండి. ‘వద్దు’ అన్న ఆ పిల్ల మాటను కథ చివరి పేజీ దాకా నిలబెట్టండి.