పరమాణువుపై రెండు వెలుగులు

తగిన శక్తిగల వెలుగు సోకినచో పరమాణువు తనలోని ఎలక్ట్రాను నొకదానిని విడిచి అయానుగ మారుననుట క్రొత్త సంగతి కాదు. అతినీలలోహిత కిరణములు తగిలిన లోహమునుండి విద్యుత్తు సులభముగ వెడలుటను 1887లో హెర్ట్సు గనిపెట్టెను. 1905లో ఐన్‌స్టీను దానికి హేతువు చెప్పెను. నక్షత్రముల వేడిమిలో పరమాణువులు అయానులగు లెక్కను 1920లో మన మేఘనాథ సాహా తేల్చెను. ఇంత తెలిసిన పిమ్మట ఈ విషయమై ప్రజల సొమ్ము వ్యయపరచుట యెందులకని కొందరు ప్రశ్నించుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. ప్రత్యుత్తరమును అంత న్యాయముగనే చెప్పవలసియున్నది.

చిరకాలము పరిశోధకులు పరీక్షించినవి చాలవరకు నిదురించు పరమాణువులే. సూర్యుని వాతావరణమందు గాని, మెరుపు బాటలో గాని పరమాణువులన్నియు నట్లుండవు. కొన్ని శక్తిని గ్రహించి మేల్కొనియుండును. మేల్కొన్న పరమాణువు వెలుగున కెట్లు లోబడునో తెలియుటకు రెండు దీపములు వలయును: మేల్కొలుపుట కొకటి, ఛేదించుట కొకటి. మొదటిది లేసరు, రెండవది సింక్రోట్రాను వెలుగు.

సింక్రోట్రాననగా ఎలక్ట్రానులను కాంతివేగమునకు మిగుల సమీపమగు వేగముతో వలయాకారముగ త్రిప్పు యంత్రము. అయస్కాంతములు వాని దారిని వంచినపుడెల్ల అవి వెలుగును చిమ్మును. ఈ వెలుగును 1947లో అమెరికాలోని షెనెక్టడీ నగరమున, జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ప్రయోగశాలలో, మొదట కంటితో చూచిరి. యంత్రమును త్రిప్పువారికి అది నష్టమే. పోసిన శక్తి వెలుగై జారిపోవుచుండెను. బెల్లము వండు రైతు పిప్పిని పారవేయక పొయ్యిలోని కెగదోసినట్లు, ఈ నష్టమునే తరువాతివారు లాభముగ మార్చుకొనిరి. ఇందు పరారుణము మొదలు ఎక్స్ కిరణముల వరకు అన్ని శక్తులును గలవు, వలసినదానిని ఏరుకొనవచ్చును. 1960లో మైమను వెలిగించిన లేసరు దీనికి భిన్నము. దాని వన్నె మిక్కిలి శుద్ధము, ప్రభ తీవ్రము. అయినను కంటికి కనబడు లేసరు కిరణమునందలి ఒక్కొక్క కాంతికణపు శక్తి రెండు మూడు ఎలక్ట్రాన్ వోల్టులే గావున, లోపలి కక్ష్యలందలి ఎలక్ట్రానులను అది కదల్పజాలదు.

సోడియమును చూడుడు. పొయ్యిలో ఉప్పుకల్లు పడినపుడు గోచరించు పసుపు వన్నె దీనిదే. అదే వన్నెగల, అనగా 589 నానోమీటర్ల లేసరును తగిలించినచో, దాని వెలుపలి ఎలక్ట్రాను 2.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని గ్రహించి పై మెట్టెక్కును. అచ్చట నిలుచునది సుమారు 16 నానోసెకనులు మాత్రమే! కావున లేసరు దానిని మరల మరల ఎక్కించుచునే యుండవలయును. ఆ నడుమనే సింక్రోట్రాను వెలుగు వచ్చి లోపలి ఎలక్ట్రానును పెకలించును. పారిస్ చెంతనున్న ఓర్సే పట్టణమున ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1980ల ఆరంభమున ఈ విధమును సాధించిరి. శూన్యపాత్రలో పరమాణువుల ధార, రెండు కిరణములు ఒక్క బిందువున కలియవలయును. మేల్కొనని పరమాణువులనుండి వచ్చు ఎలక్ట్రానులను లెక్కలో విడదీయవలయును. ఓపిక గలవారి పని యిది.

ఫలమేమందురా? ఒక ఎలక్ట్రాను వెడలిపోవునపుడు తక్కినవి ఊరకుండవు. వాని సర్దుబాటు ఈ ప్రయోగమున బయల్పడును. లేసరు కాంతి కంపనదిశను మార్చి పరమాణువులను ఒక దిక్కునకు తీర్చవచ్చును. అపుడు ఎలక్ట్రాను లే దిశకు ఎగురునో చూచి పరమాణువు ఆకృతినే గ్రహింపవచ్చును. మూడు వస్తువులు ఒండొంటిని ప్రభావితము చేయునపుడే గణితము తడబడును గదా. పదునొకండు ఎలక్ట్రానుల సోడియము మాట యేమి? సిద్ధాంతమును నిగ్గుతేల్చు గీటురాయి ఇట్టి కొలతలే.

2005 మొదలు హాంబర్గులోని ఫ్రీ ఎలక్ట్రాను లేసరు పరిశోధకులకు అందినది. దానితో వలయములకు కాలము చెల్లినదని కొందరనుచున్నారు. మేమంగీకరింపము. దాని పిడుగువంటి స్పందనము ఒక్కపెట్టున పరమాణువును పలుమార్లు ఛేదింపగలదు; నెమ్మదిగ, నిలుకడగ, శక్తిని కొలది కొలదిగ మార్చుచు చూచుటకు వలయమే తగినది.

మన దేశమున ఇండోరులో ఇండస్-1 వలయము 1999లో ఆరంభమైనది. చుట్టుకొలత సుమారు 19 మీటర్లు, శక్తి 450 మిలియను ఎలక్ట్రాన్ వోల్టులు. దాని వెలుగు పరమాణు పరీక్షకు తగినదే. ఎక్స్ కిరణముల నిచ్చు ఇండస్-2 దాని చెంతనే కలదు. ఆ రాజా రామన్న కేంద్రము లేసరు విద్యకును నిలయము. ఇట్లు రెండు విద్యలు ఒకే ప్రాకారమున నుండుట అరుదైన వసతి. మన పరిశోధకులు జపానులోని త్సుకుబాకు, ఇటలీలోని ట్రియెస్టుకు, హాంబర్గునకు పోయి పనిచేయుచుండుట మంచిదే. అయినను పరుల వలయమున అతిథికి దొరకునది కొలది దినముల గడువు. తప్పుచేసి దిద్దుకొను తీరిక విద్యార్థికి ఇంటనే లభించును.

వాల్తేరున కొచ్చెర్లకోట రంగధామరావుగారు వర్ణపట పరిశోధనకు పాదుగొల్పినది ఆంధ్ర విశ్వవిద్యాలయమున. ఆ శాఖకు వారసులైనవారు ఇండోరు వలయమున ఒక మూలను, అందొక లేసరును నిలకడగ కోరుట అతిశయోక్తి గాదు. ఏటేట ఎన్ని దినములు విశ్వవిద్యాలయముల కీయబడునో ప్రభుత్వము ముందుగ ప్రకటింపవలయును.