కుట్టుమిషను ఒక్కటేనా మన వాటా?

మైనారిటీ మహిళల ఉపాధి అనగానే మన అధికారుల మదిలో మెదిలే వస్తువు ఒక్కటే: కుట్టుమిషను. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, మిషను మీద అంటించే బొమ్మలు మారాయి. మిషను మాత్రం మారలేదు. నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ముస్లిం స్త్రీల స్వయం ఉపాధి దరఖాస్తు వస్తే ‘కోరిన వృత్తి’ అనే గడి చూడనవసరం లేకుండానే నింపగలిగేవాణ్ణి. ఒకసారి ఒక సోదరి ఆ గడిలో ‘మోటారు వైండింగ్’ అని రాసుకొచ్చింది. భర్త దుకాణంలో పదేళ్లుగా రాగితీగ చుట్టేది తానేనన్నది. ఆ పని ఆడవారి జాబితాలో లేదనీ, ‘టైలరింగ్’ అని దిద్దుకొని రమ్మనీ చెప్పినవాణ్ణి నేనే. ఆమె దిద్ది ఇచ్చింది. మిషను మంజూరైంది. అది ఇంట్లో ఓ మూల దుప్పటి కప్పుకొని కూర్చుందని తర్వాత తెలిసింది. ఆ దిద్దుబాటు నన్ను నేటికీ బాధిస్తూనే ఉంది.

కుట్టుపనిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. దానితో బిడ్డలను చదివించుకున్న తల్లులు మన ప్రతి బస్తీలోనూ ఉన్నారు. అయితే ఒకే వీధిలో ముప్ఫై మిషన్లు పంచితే ముప్ఫై మందికీ బట్టలు తెచ్చేదెవరు? గిరాకీ తగ్గుతున్న పనిలోకి మనల్ని తోస్తూ, గిరాకీ పెరుగుతున్న పనుల తలుపులు మూసి ఉంచడమే మా అభ్యంతరం.

ఆ పెరుగుతున్న పనులేవో తెలుసుకోవడానికి మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాన్ని ఒకసారి చుట్టి వస్తే చాలు. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడ్డ ఈ నేల మీద ఇవాళ ఔటర్ రింగ్ రోడ్డు, తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ, వాటి వెంట గేట్ల కాలనీలు వెలిశాయి. 2016 అక్టోబరులో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాకు కలెక్టరేటు కూడా శామీర్‌పేట దాపునే వచ్చింది. కొత్త భవనాల కప్పుల మీద సౌరఫలకాలు మెరుస్తున్నాయి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన సూర్యఘర్ పథకం దేశంలో కోటి ఇళ్లకు సౌరవిద్యుత్తును లక్ష్యంగా పెట్టుకొని, 3 కిలోవాట్ల ఏర్పాటుకు 78 వేల రూపాయల రాయితీ ఇస్తోంది. ఆ ఫలకాలను బిగించాలి, తుడవాలి, ఇన్వర్టర్లు చెడితే బాగుచేయాలి. మరోవైపు నగరం చెత్త రోజూ వేల టన్నులుగా పొరుగునే ఉన్న జవహర్‌నగర్‌కు చేరుతోంది. తడిచెత్తను ఎరువు చేయడం, పొడిచెత్తను వేరు చేయడం, నర్సరీలు, పుట్టగొడుగుల పెంపకం, విద్యుత్ ఆటోల మరమ్మతు... హరిత ఉపాధి అంటే ఇవే. మన కళ్లముందున్న ఈ పనుల్లో నేర్చిన పనివారిగా మన పిల్లలు ఎందరున్నారు?

నిజానికి మన సమాజానికి ఇవి పరాయి విద్యలు కావు. చెడినదాన్ని పారేయకుండా బాగుచేయడం, పనికిరానిదాన్ని విడదీసి మళ్లీ పనికి తేవడం మన పేదల తరతరాల బతుకుతెరువు. తుక్కు దుకాణం, బ్యాటరీ దుకాణం, కూలర్ల మరమ్మతు, మోటారు వైండింగ్, పంక్చర్ షాపు - వీటిలో మన పిల్లలు చిన్ననాటి నుంచే చేయి తిరిగినవారు. ముస్లిం శ్రామికుల్లో 61 శాతం స్వయం ఉపాధి మీదే ఆధారపడ్డారనీ, హిందూ శ్రామికుల్లో అది 55 శాతమనీ 2006 నాటి సచార్ నివేదిక లెక్కచెప్పింది. అంటే పని ఉంది, పనితనమూ ఉంది. లేనిది గుర్తింపు.

ఆ గుర్తింపు లేకపోవడం ఇకమీదట వట్టి చిన్నతనం కాదు, జీవనోపాధికే ముప్పు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలూ, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలూ ఈ వ్యాపారాన్ని నమోదైన సంస్థలకే అప్పగిస్తున్నాయి. ఆ నిబంధనలు తప్పని మేము అనము. ఇంటి పెరట్లో సీసం కరిగిస్తే ముందుగా విషమెక్కేది మన బిడ్డల రక్తానికే. కానీ నిన్నటిదాకా ఆ పనితో బతికినవాడు రేపు నేరస్థుడు కాకూడదు కదా! ఇక్కడ మన వారిలో చాలామందికి తెలియని మాట ఒకటుంది. ఈ-వ్యర్థాలు విడదీసే కార్మికులను గుర్తించి నమోదు చేయాలనీ, వారికి నైపుణ్య శిక్షణ ఇవ్వాలనీ, వారి ఆరోగ్య భద్రతను పర్యవేక్షించాలనీ, పారిశ్రామికవాడల్లో ఈ పనికి స్థలమో షెడ్డో కేటాయించాలనీ అవే నిబంధనలు రాష్ట్ర ప్రభుత్వం మీద బాధ్యత పెట్టాయి. కనుక మనం అడుగుతున్నది దయ కాదు. కాగితం మీద ఇదివరకే రాసి ఉన్న హక్కు. జీడిమెట్ల, చర్లపల్లి, మేడ్చల్ పారిశ్రామికవాడలున్న ఈ జిల్లాలో ఒక్క షెడ్డుకు చోటు లేదంటే ఎవరు నమ్ముతారు?

శిక్షణ గడప ఎత్తు కూడా చూడాలి. సౌరవిద్యుత్ పనివారి కోసం కేంద్రం 2015లో తెచ్చిన సూర్యమిత్ర శిక్షణకు పదవ తరగతితో పాటు ఐటీఐ ఉండాలి. మూడు నెలలు అక్కడే బస చేయాలి. ఎనిమిదితో చదువు మానేసిన మెకానిక్ కుర్రవాడు ఆ గడప ఎలా దాటగలడు? చంటిబిడ్డ తల్లి మూడు నెలలు ఇల్లు విడిచి ఎలా ఉండగలదు? మదరసాలో చదివిన పిల్లలకూ సాంకేతిక శిక్షణకు అర్హత కల్పించాలని సచార్ కమిటీ ఆనాడే సిఫారసు చేసింది. ఆ సిఫారసును ఈ కొత్త వృత్తుల విషయంలోనైనా ఆచరణలో పెట్టాలి.

చదువు లేదన్నది సాకు మాత్రమేనని లోకం రుజువు చేసింది. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కళాశాల అక్షరం రాని అమ్మమ్మలకు రంగుల గుర్తులతో సౌరదీపాల విద్య నేర్పుతోంది. ఆఫ్రికా దేశాల నుంచి కూడా స్త్రీలు వచ్చి నేర్చుకొని వెళ్లారు. బంగ్లాదేశ్‌లో 1996లో పుట్టిన గ్రామీణ్ శక్తి సంస్థ పల్లెల ముస్లిం స్త్రీలను సౌరపరికరాల సాంకేతిక నిపుణులుగా తీర్చిదిద్దింది. పరదా వారి చేతిపనికి అడ్డు రాలేదు. అంత దూరమెందుకు, మన రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో 1999 నుంచి గ్రామీణ సాంకేతిక పార్కు నడుస్తోంది. వానపాముల ఎరువు, పుట్టగొడుగులు, సౌరపరికరాలు వంటివి అక్కడ నేర్పుతున్నారు. కాని అది నగరానికి అవతలి కొస. 2023 డిసెంబరు నుంచి స్త్రీలకు బస్సు టికెట్ లేకపోవచ్చు. శామీర్‌పేట నుంచి పోయి వచ్చే పొద్దుకు మాత్రం రాయితీ లేదు. ఆ శిక్షణే ఇక్కడికి నడిచి రావాలి.

కావున జిల్లా యంత్రాంగాన్ని మేము కోరేది నాలుగు మాటల్లో చెప్పవచ్చు. మేడ్చల్‌లో ఒకటి, శామీర్‌పేటలో ఒకటి పగటిపూట శిక్షణ కేంద్రాలు తెరవండి. బిడ్డలను చూసుకునే ఒక గది కూడా ఉంచండి. చేయి తిరిగిన పనివారికి మళ్లీ ఓనమాలు దిద్దించకుండా, పని పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వండి. పత్రంతో పాటు పనిముట్లు ఇవ్వండి. ప్రభుత్వ కార్యాలయాల, గురుకులాల కప్పుల మీది సౌరఫలకాల నిర్వహణలో, పురపాలికల ఎరువు తయారీలో ఈ శిక్షితుల సంఘాలకు తొలి అవకాశం కల్పించండి. పని దొరకని శిక్షణ ఫొటోకు తప్ప దేనికీ అక్కరకు రాదు.

మనవైపు నుంచి చేయవలసిందీ ఉంది. మసీదు కమిటీలు నమాజుకు అడ్డుకాని వేళల్లో తమ గదులను శిక్షణకు ఇవ్వవచ్చు. జకాత్ ఇచ్చేవారు అర్హులైన పేద యువకుడికి ఒక నెల బియ్యంతో పాటు ఒక మల్టీమీటరు, ఒక పనిముట్ల పెట్టె కొనివ్వవచ్చు. అన్నిటికన్నా ముందు, ఆడపిల్ల నిచ్చెన ఎక్కి తీగ బిగిస్తే మన పరువు పోతుందన్న భయం పోవాలి. ఆకలి పోగొట్టని పరువును ఎన్నాళ్లు కాపాడతాం?

దరఖాస్తులో ‘కోరిన వృత్తి’ అనే గడి ఈనాటికీ ఉంది. అందులో ఏం రాయాలో ఇకనైనా ఆ సోదరినే నిర్ణయించుకోనివ్వండి. ఆమె రాసినదాన్ని దిద్దవద్దని, నేటి గుమాస్తాలకు నిన్నటి గుమాస్తాగా నా మనవి.