పసుపు కేసు గెలిచాం సరే, మన ఊరి మందు సంగతేంది?

కొడవలి తెగితే ముందు చెయ్యి పోయేది పసుపు డబ్బా మీదికే. పెదకూరపాడులో ఏ ఇంట్లో అడిగినా ఇదే చెప్తారు. అయినా 1995 మార్చిలో అమెరికా పేటెంట్ ఆఫీసు పసుపు పొడితో గాయం మాన్పటం కొత్త పద్ధతేనని మిస్సిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కి పేటెంట్ రాసిచ్చింది. కనిపెట్టినోళ్లుగా పేర్లెక్కింది సుమన్ దాస్, హరిహర్ కోహ్లీ. పేర్లు చూశారుగా, వాళ్ల ఇళ్లల్లో పసుపు లేకుండా ఉంటదా?

అక్కడి ఆఫీసర్లకి తెలివి లేక ఇచ్చారనుకోబాకండి. మెలిక చట్టంలోనే ఉంది. ఒక పద్ధతి అమెరికా లోపల జనం వాడుతుంటే అది పాతదే. బయటి దేశంలో వాడుతుంటే మాత్రం అచ్చులో చూపించాలి. అంటే నాయనమ్మ నోటిమాట లెక్కలోకి రాదు. ఆ మెలిక 2013 దాకా పోలేదు.

మన సీఎస్ఐఆర్ 1996లో పోరాటానికి దిగింది. అప్పుడు దాని పెద్ద మషేల్కర్. సంస్కృతం, హిందీ, ఉర్దూ పుస్తకాలతో పాటు 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్లో వచ్చిన వ్యాసం కూడా కలిపి 32 ఆధారాలు ముందు పెట్టింది. 1997లో పేటెంట్ కొట్టేశారు. ఆ దెబ్బతోనే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలైంది. మంచి పనే. కానీ అందులోకి ఎక్కింది ఎక్కువగా ఆయుర్వేదం, సిద్ధ, యునానీ గ్రంథాల్లో ఉన్నది. ఆటలమ్మ తగ్గాక వేపాకు, పసుపు వేసి నీళ్లు పోసే మన ఆడోళ్లు ఏ గ్రంథం రాశారు?

ఇక్కడ మన చట్టం అమెరికా కంటే నయం. వైద్యం చేసే పద్ధతికి సెక్షన్ 3(ఐ) కింద పేటెంటే లేదు. సంప్రదాయ జ్ఞానానికి 3(పి) అడ్డం. 25(1)(కె) ఇంకా గొప్పది: ఏదైనా సమూహంలో నోటిమాటగా ఉన్న జ్ఞానం కూడా పేటెంట్‌కి అడ్డుపడొచ్చు. అట్టాగని కంపెనీల దారి మూసుకుపోలేదు. పద్ధతికి రాకపోతే క్రీముకి, ఆ క్రీములో పాళ్లకి అడుగుతారు. నిజంగా కొత్తది కనిపెడితే ఇవ్వాల్సిందే, దానికి నేను అడ్డం కాదు. ఊరికే నాలుగు ఆకులు కలిపి కొత్తదంటే మాత్రం ఒప్పుకోకూడదు.

మరి ఒప్పుకోనని చెప్పేదెవరు? పేటెంట్ ఇచ్చేలోపు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. మొన్నటిదాకా దీనికి పైసా ఫీజు లేదు. 2024 మార్చిలో నిబంధనలు మార్చి ఫీజు పెట్టారు. పైగా అది విచారణకి నిలబడుద్దో లేదో కంట్రోలరు ముందే జల్లెడ పడతాడు. దొంగ అభ్యంతరాలతో దరఖాస్తులు నానుతున్నాయనేది సర్కారు వాదన. అందులో కొంత నిజముంది. కానీ కంపెనీ ఒకదాని మీద ఒకటి వేసుకునే పోటీ అభ్యంతరానికీ, మిరప చేలో కూలికి పోయే పిల్లోడు వేసేదానికీ ఒకే గేటు ఏంది? సాయం చేసేదానికి ప్రతి జిల్లాలో ఒక మనిషినైనా పెట్టారా? పేటెంట్ వచ్చేశాక ఏడాది లోపు మళ్లీ ఎదిరించొచ్చు గానీ, అప్పుడు ఎవరుబడితే వాళ్లు కుదరదు, ఆ విషయంతో సంబంధం ఉన్నోళ్లే వెయ్యాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చేతిలో ఫోన్ ఉంది. మీ ఊళ్లో గజ్జికి, పుండుకి, కాలిన గాయానికి ఏం పూస్తారో పెద్దోళ్లని అడిగి వీడియో తియ్యండి. ఏ ఆకు, ఎంత, దేంతో నూరతారు, ఎన్నాళ్ల నుంచి, అన్నీ చెప్పించండి. తేదీ పడేట్టు నలుగురికీ కనపడే చోట పెట్టండి. ఆ తేదీ తర్వాత వేసిన దరఖాస్తుకి అదే అడ్డం. పెట్టేముందు ఆ పెద్దోళ్లని అడగండి, వద్దంటే ఆపండి. ఆ మందు వాళ్లది.