మేకూ సుత్తీ భారమా?

కొవిడ్ దృష్ట్యా పిల్లల మీద పాఠాల భారం తగ్గించడం తప్పనిసరైందట! పదో తరగతి నుంచి ఆవర్తన పట్టిక అధ్యాయాన్ని ఎత్తేసినందుకు ఎన్‌సీఈఆర్‌టీ 2023లో ఇచ్చుకున్న సంజాయిషీ ఇది. అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5నే ప్రకటించింది. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం కొవిడ్ ఇంకా తగ్గినట్టు లేదు.

బడికి దూరమైన పిల్లలకు వెసులుబాటు ఇవ్వడం, రెండు తరగతుల్లో వచ్చే విషయాన్ని ఒకచోట తగ్గించడం తప్పేమీ కాదు. అభ్యంతరమల్లా పుస్తకాల్లో అచ్చేసిన మరో మాటతోనే. భారం తగ్గించి, అనుభవంతో నేర్చుకునే అవకాశం కల్పించాలని జాతీయ విద్యావిధానం-2020 చెబుతోందని సంస్థ అందులో రాసుకుంది. అలాంటప్పుడు నాటి ఎనిమిదో తరగతి సైన్స్ పుస్తకంలో కత్తెర ఎక్కడ పడిందో చూడండి. 18 అధ్యాయాలు 13 అయ్యాయి. పోయిన అయిదింటిలో లోహాలు-అలోహాలు, కృత్రిమ దారాలు-ప్లాస్టిక్‌లు, గాలి-నీటి కాలుష్యం ఉన్నాయి. మూడూ రసాయన శాస్త్రంతో ముడిపడ్డ పాఠాలే. లోహాల పాఠంలో పిల్లలు ఇనుప మేకును, బొగ్గుముక్కను సుత్తితో కొట్టి ఏది సాగుతుందో, ఏది పొడి అవుతుందో చూస్తారు. మైలుతుత్తం నీళ్లలో మేకు వేస్తే నీలిరంగు ఆకుపచ్చకు తిరుగుతుంది. జింక్ సల్ఫేట్ ద్రావణంలో రాగిముక్క వేస్తే ఏమీ జరగదు. ఎందుకు జరగలేదని పిల్లవాడు అడిగితే ఆ పూట పాఠం చెప్పినట్టే. ప్రయోగశాల లేని బడిలోనూ అయ్యే పని ఇది. అనుభవంతో నేర్పుతామన్నవారు ముందుగా కోసింది దీన్ని!

ఆవర్తన పట్టిక సంగతి మరీ విడ్డూరం. మెండలీవ్ 1869లో అప్పటికి తెలిసిన 63 మూలకాలను వరుసలో పెట్టి, దొరకనివాటికి ఖాళీలు వదిలాడు. వాటిలో ఒకటి 1875లో గాలియంతో, ఇంకొకటి 1886లో జెర్మేనియంతో నిండాయి. నేడు 118 మూలకాల గుణాలను విడివిడిగా బట్టీపట్టే బాధ తప్పిస్తున్నది ఆ పట్టికే. అంటే బరువు దించే సాధనాన్నే బరువని పక్కన పడేశారు.

ఆ పట్టిక పదకొండో తరగతిలో ఉంది కదా అంటారు. మరి పదితో సైన్స్ వదిలేసి ఆర్ట్స్‌కో కామర్స్‌కో వెళ్లేవారి మాటేమిటి? వారిలో ఎందరో తర్వాత హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టల్ గదుల్లో, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని గ్రూప్స్ పరీక్షల జనరల్ సైన్స్ కోసం ఆరు నుంచి పది దాకా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే తిరగేస్తారు. కోత పడ్డచోట వారికి ఇక కోచింగ్ నోట్సే గతి. బడిలో రావలసిన చదువుకు ఫీజు కట్టాలి.

తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో ఎనిమిదిలో లోహాల పాఠం, పదిలో ఆవర్తన పట్టిక ఉన్నాయి. వాటి బరువుకు ఇక్కడి పిల్లలెవరూ కుంగిపోలేదు. ఈ కోత పెట్టేముందు ఏ బడిలో ఏ ఉపాధ్యాయుణ్ని అడిగారో ఎన్‌సీఈఆర్‌టీ బయటపెట్టాలి. తీసేసిన రసాయన శాస్త్ర అధ్యాయాలను వచ్చే ముద్రణలో, ప్రయోగాలతో సహా, తిరిగి చేర్చాలి.